తెలుగు వాక్యాన్ని తోకవైపు నుంచి చదివితే ఫ్రేజల్ వెర్బు దొరుకుతుంది

తిరుపతి రైల్వే స్టేషన్ నుంచి నడిచిపోయేంత దూరంలో ఉన్న ఒక లాడ్జిలో ఫ్రంట్ డెస్కు నాది. కొత్తగా చేరే పిల్లలకి నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్పే పని కూడా నా మీదే పడింది. ఇంటర్ చదివి వచ్చినా, డిగ్రీ చేసి వచ్చినా అందరూ ఒక్కచోటే తడబడతారు. గో, కమ్, గెట్, పుట్, రన్ అందరికీ చిన్న బడి నుంచీ తెలిసిన మాటలే. వాటి వెనక ఒక అప్పో డౌనో ఆఫో చేరి, దాని వెనక మళ్లీ ఎట్టో టూనో ఫ్రమ్మో వచ్చేసరికి నోరు పెగలదు. పెగిలినా "సార్, యూ గెట్ డౌన్ టు అలిపిరి" అని వస్తుంది.

దీనికి అందరూ చేసే వైద్యం ఒకటే. ఇట్లా చిన్నమాట తగిలించుకున్న క్రియని ఫ్రేజల్ వెర్బు అంటారు. అట్లాంటివి నూరింటి పట్టిక తెచ్చి, ఎదురుగా తెలుగు అర్థం రాసుకుని బట్టీ కొట్టడం. నాకా పట్టికల మీద నమ్మకం లేదు. గెట్ ఆఫ్ అంటే దిగడం అని పట్టిక చెబుతుంది. దాని వెనక ఎట్ రావాలా, టు రావాలా, "ఇట్" అనే మాట మధ్యలో దూరుతుందా చివర నిలుస్తుందా అన్నది చెప్పదు. వాక్యం కూలిపోయేది సరిగ్గా అక్కడే. డాక్టర్ జాన్సన్ 1755లో వేసిన ఇంగ్లీషు నిఘంటువు ముందుమాటలోనే, క్రియ వెనక చిన్నమాట తగిలించి అర్థం మార్చే ఈ అలవాటు పరదేశీయులకి అన్నిటికన్నా కష్టమని రాసిపెట్టినాడు. కాబట్టి మన బుర్రకేదో లోపముందని బెంగపడొద్దు.

ఇంకో మాట, ముందే చెప్పేస్తాను. తెలుగు అక్షరాల్లో రాస్తే రెండు ఎఫ్‌లున్న ఆఫ్, ఒక్క ఎఫ్ ఉన్న ఆఫ్ ఒకటే అయిపోతాయి. పలకడంలో అవి ఒకటి కావు. ఒక్క ఎఫ్ ఉన్నదాన్ని ఇంగ్లీషువాళ్లు "ఆవ్" అనే అంటారు, తొందరలో "అవ్" అయిపోతుంది. నేనిక్కడ ఆఫ్ అని రాస్తే రెండు ఎఫ్‌లది, ఆవ్ అని రాస్తే ఒక ఎఫ్‌ది. మీరు పలికేటప్పుడూ అట్లాగే పలకండి. "గెట్ ఔట్ ఆఫ్ ద కార్" అని రెండు ఎఫ్‌లతో గట్టిగా పలికితే వినేవాళ్లకి ఇబ్బందిగా ఉంటుంది.

ముందు క్రియని విడగొట్టండి

మనం "బస్సు దిగు" అంటాం. ఎటువైపు దిగాలో విడిగా చెప్పం. కిందికి అన్న సంగతి "దిగు" లోపలే ఉంది. ఎక్కు, దింపు, విప్పు, దూరు, ఆర్పు, అన్నీ అంతే. దిక్కు క్రియ కడుపులోనే ఉంటుంది. ఇంగ్లీషువాళ్లు ఈ మాటలకి దిక్కుని బయటపెట్టి, క్రియని ఉత్తగా వదిలేస్తారు. వాళ్ల గెట్‌కి విడిగా పెద్ద అర్థమేం లేదు. గెట్ ఆన్ అంటే ఎక్కు, గెట్ ఆఫ్ అంటే దిగు, గెట్ ఇన్ అంటే దూరు, గెట్ అప్ అంటే లే, గెట్ బ్యాక్ అంటే తిరిగి రా. అర్థమంతా వెనకున్న చిన్నమాటలో ఉంది. దాన్ని మా పిల్లలకి దిక్కుమాట అని చెబుతాను. "దిక్కుమాలిన మాటా అక్కా?" అని ఒకడు నవ్వినాడు. సరే, అట్లాగైనా గుర్తుంటుంది.

దిక్కుమాట తర్వాత వచ్చేది చోటుమాట. ఎక్కడ, ఎక్కడికి, ఎక్కడి నుంచి, ఎవరితో అన్నది చెప్పేది అదే: ఎట్, టు, ఫ్రమ్, విత్, ఫర్, ఆవ్. దాని వెనక చోటో మనిషో వస్తువో తప్పకుండా ఉండాలి. వాక్యంలో ముందు దిక్కు, తర్వాత చోటు. ఈ వరస తిరగబడదు.

ఇప్పుడు నేను రోజూ చేయించే పని చూడండి. "కొండ దిగి వచ్చినారు" అన్న వాక్యం తీసుకుని, ఆ దిగడాన్ని విడగొట్టి నిదానంగా చెప్పిస్తాను: కొండ, నుంచి, కిందికి, వచ్చినారు. నాలుగు ముక్కలు. ఇప్పుడు చివరి ముక్క నుంచి మొదటికి రండి. వచ్చినారు, కిందికి, నుంచి, కొండ. "కేమ్ డౌన్ ఫ్రమ్ ద హిల్." ఒక్క ముక్క కూడా అటూ ఇటూ జరపలేదు. మనది అద్దంలో చూసుకుంటే వాళ్లది కనిపిస్తుంది, అంతే.

ఇంకొకటి. రూము, లోనుంచి, బయటికి, రండి. తిప్పితే "కమ్ ఔట్ ఆవ్ ద రూమ్". కౌంటరు, దగ్గరికి, వెనక్కి, పోండి. తిప్పితే "గో బ్యాక్ టు ద కౌంటర్". తిరుమల, కి, పైకి, పోతున్నాం. "వుయ్ ఆర్ గోయింగ్ అప్ టు తిరుమల." మన మాటల్లో ఎవరూ పైకి అని ప్రత్యేకంగా అనరు, కొండకి పోతున్నాం అంటారు, కొండంటే పైనే కదా. ఇంగ్లీషులో మాత్రం ఆ అప్ వేస్తే వాక్యం సహజంగా ఉంటుంది. దారి కూడా చెప్పాలనుకుంటే ఇంకో చోటుమాట చేర్చండి. తిరుమలకి రెండు ఘాట్ రోడ్లున్నాయి కదా, 1944లో వేసినది దిగడానికి, 1974లో వేసినది ఎక్కడానికి. "బసెస్ గో అప్ బై ద సెకండ్ ఘాట్ రోడ్ అండ్ కమ్ డౌన్ బై ద ఫస్ట్." భక్తులు ఈ సంగతి నన్ను తరచుగా అడుగుతారు. అందుకే కొత్తవాళ్లకి నేను నేర్పే మొదటి వాక్యాల్లో ఇదొకటి.

తమిళం మాట్లాడేవాళ్లకీ ఈ పద్ధతి పనిచేస్తుంది. చిత్తూరు వైపు నుంచి వచ్చే పిల్లల్లో ఇంట్లో తమిళం, బడిలో తెలుగు ఉన్నవాళ్లు చాలామందే. తమిళంలోనూ వరస మనదే, కాబట్టి వాళ్లు ఏ భాషలో ఆలోచించినా వెనక నుంచే చదవాలి.

బస్సుకి ఆన్, ఆటోకి ఇన్

ఇక్కడ అద్దం పనిచేయదు, ఎందుకంటే మనం బస్సయినా ఆటో అయినా ఎక్కడమే, దిగడమే. ఇంగ్లీషువాళ్లు బండిని చూసి మాట మారుస్తారు. బస్సు, రైలు, విమానం: గెట్ ఆన్, గెట్ ఆఫ్. కారు, ఆటో, జీపు: గెట్ ఇన్, గెట్ ఔట్ ఆవ్. లోపల నిలబడి నడవగలిగితే ఆన్, వంగి దూరాల్సి వస్తే ఇన్ అని గుర్తుపెట్టుకోండి. బైకు, సైకిలు, గుర్రం మీద కూర్చుంటాం కాబట్టి అవి ఆన్ వైపే.

దిగే చోటుకి ఎట్. "గెట్ ఆఫ్ ఎట్ అలిపిరి." బస్సు పేరు కూడా చెప్పాలంటే "గెట్ ఆఫ్ ద బస్ ఎట్ అలిపిరి". ఇక్కడ ఆఫ్ వెనక ఫ్రమ్ అక్కర్లేదు. కానీ ఔట్ వెనక ఆవ్ వదలకండి. "గెట్ ఔట్ ఆవ్ ది ఆటో." అమెరికావాళ్లు తలుపుకీ కిటికీకీ ఆవ్ ఎగ్గొడతారు, "ఔట్ ద డోర్" అంటారు. మనం ఆవ్ ఉంచుకుంటే ఎక్కడా తప్పు పట్టరు.

గెట్ డౌన్ సంగతి. మన దేశమంతా బస్సు దిగడానికి గెట్ డౌన్ అనే అంటుంది, కండక్టరు నుంచి కలెక్టరు దాకా. తోటి భారతీయుడితో అంటే నేను దిద్దను, అర్థమైపోతుంది కాబట్టి. లండన్ నుంచి వచ్చినాయనకి చెప్పేటప్పుడు మాత్రం గెట్ ఆఫ్ అనమంటాను. గెట్ డౌన్ అంటే వాళ్లకి నిచ్చెన మీద నుంచో, చెట్టు మీద నుంచో దిగడం. అట్లాగే కోప్ అప్ విత్ అన్నదాంట్లో అప్ మనం కలిపిందే. కోప్ విత్ అంటే చాలు. రిటర్న్ బ్యాక్‌లో బ్యాక్ దండగ, డిస్కస్ అబౌట్‌లో అబౌట్ దండగ. "గురించి" అని తెలుగులో ఉంది కదా అని అబౌట్ తెచ్చి అంటిస్తాం. పాస్ ఔట్ అంటే మనకి డిగ్రీ పూర్తి చేయడం. విదేశీ అతిథితో "ఐ పాస్డ్ ఔట్ లాస్ట్ ఇయర్" అంటే పోయిన ఏడాది స్పృహతప్పి పడిపోయినావేమో అనుకుంటాడు.

"ఇట్" ఎక్కడ కూర్చుంటుంది

ఇది కాస్త ఓపిగ్గా చదవండి. తప్పులన్నిటిలోకీ ముందు చెవికి తగిలేది ఇదే.

గీజర్ ఆపేయమని చెప్పాలి. "టర్న్ ఆఫ్ ద గీజర్", "టర్న్ ద గీజర్ ఆఫ్", రెండూ సరే. గీజర్ బదులు ఇట్ వేస్తే మాత్రం ఒక్కటే దారి: "టర్న్ ఇట్ ఆఫ్". టర్న్ ఆఫ్ ఇట్ అనరు. ఇట్, దెమ్, హిమ్, హర్, మి, యూ, అస్, ఇవన్నీ దిక్కుమాటకి ముందే కూర్చుంటాయి. ఫిల్ ఇట్ ఇన్, గివ్ ఇట్ బ్యాక్, హ్యాండ్ ఇట్ ఓవర్, కాల్ మి బ్యాక్, వేక్ అస్ అప్ ఎట్ ఫోర్.

ఇంకో రకం ఉంది. అక్కడున్నది దిక్కుమాట కాదు, చోటుమాట. లుక్ ఫర్, వెయిట్ ఫర్, ఆస్క్ ఫర్, లుక్ ఆఫ్టర్, లుక్ ఇంటూ, డీల్ విత్. వీటిలో ఇట్ ఎప్పుడూ చివరే. "వుయ్ విల్ లుక్ ఇంటూ ఇట్, సార్." లుక్ ఇట్ ఇంటూ అని ఎక్కడా ఉండదు.

మరి ఏది ఏ రకమో ఎట్లా తెలుస్తుంది? కొన్ని చిన్నమాటలు పుట్టుకతోనే ఒక పక్క ఉంటాయి. ఎట్, టు, ఫ్రమ్, విత్, ఫర్, ఆవ్, ఇంటూ కనిపిస్తే ఇట్ వాటి వెనకే. అవే, బ్యాక్, టుగెదర్ కనిపిస్తే ఇట్ వాటి ముందే. అప్, డౌన్, ఆన్, ఆఫ్, ఇన్, ఓవర్, త్రూ మాత్రం రెండు పక్కలా తిరుగుతాయి, చిక్కంతా వీటితోనే. దీనికి నేను చెప్పే జత ఒకటుంది.

అలిపిరి మెట్లు 3,550. దిగేటప్పుడు పిల్లలు పరుగెత్తుతారు. వాళ్లకి చెప్పాలి: "డోంట్ రన్ డౌన్ ద స్టెప్స్." అదే పిల్లలు క్యూలో ఫోన్‌లో ఆటలాడి ఛార్జింగ్ మొత్తం అయిపోగొడుతున్నారు. వాళ్లకీ చెప్పాలి: "డోంట్ రన్ డౌన్ ద బ్యాటరీ." పైకి రెండూ ఒకే అచ్చు. మెట్ల బదులు దెమ్, బ్యాటరీ బదులు ఇట్ వేసి చూడండి. మెట్లయితే "డోంట్ రన్ డౌన్ దెమ్". బ్యాటరీ అయితే "డోంట్ రన్ ఇట్ డౌన్". మొదటి దాంట్లో డౌన్ మెట్లతో కలిసి ఉంది, మెట్ల మీదుగా కిందికి అని. రెండో దాంట్లో డౌన్ రన్‌తో కలిసిపోయి వేరే పని చేస్తోంది, తగ్గించి తగ్గించి అయిపోగొట్టడం. అనుమానం వచ్చినప్పుడల్లా వస్తువు పేరు తీసి ఇట్ పెట్టి రెండు రకాలుగా పలకండి. ఇంగ్లీషు కాస్త విన్న చెవి అయితే రెండింట్లో ఒకటి గరుగ్గా తగులుతుంది.

చెవి గురించే ఇంకో సంగతి. దిక్కుమాట మీద ఊనిక పడుతుంది: టర్న్ ఇట్ ఆఫ్ అన్నప్పుడు గొంతు ఆఫ్ దగ్గర లేస్తుంది. వెయిట్ ఫర్ ఇట్ అన్నప్పుడు వెయిట్ దగ్గర లేచి, ఫర్ నలిగిపోతుంది. చెకౌట్ అని లాడ్జి బోర్డు మీద రాసేది పేరు. అక్కడ ఊనిక ముందు, చెక్ మీద. "వుయ్ చెక్ ఔట్ ఎట్ సిక్స్" అన్నప్పుడు అది క్రియ, ఊనిక ఔట్ మీదికి పోతుంది.

వస్తువు పేరు మరీ పొడుగైతే మధ్యలో దూర్చొద్దు. "టర్న్ ఆఫ్ ద గీజర్ ఇన్ ద రూమ్ నెక్స్ట్ టు ద లిఫ్ట్" అనండి. ఆ పొడుగాటి పేరంతా అయ్యేదాకా ఆఫ్‌ని ఆపితే వినేవాడు ఏం చేయాలో తెలియక నిలబడిపోతాడు.

మనిషీ చోటూ రెండూ ఉన్న వాక్యం

లాడ్జిలో ఎక్కువ వచ్చేది ఈ రకమే. ఎవరినో ఎక్కడినుంచో తీసుకురావాలి, ఎవరినో ఎక్కడో దించాలి. వరస ఇది: క్రియ, మనిషి, దిక్కుమాట, చోటుమాట, చోటు. "పిక్ దెమ్ అప్ ఫ్రమ్ ది ఎయిర్‌పోర్ట్." "డ్రాప్ హిమ్ ఆఫ్ ఎట్ ద బస్‌స్టాండ్." "హ్యాండ్ ద కీ ఓవర్ టు ద మేనేజర్."

మనవాళ్లు పికప్ చేస్తా, డ్రాప్ చేస్తా అని తెలుగులో వాడి వాడి, ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు అప్పునీ ఆఫునీ తినేస్తారు. "ఐ విల్ పిక్ యూ" అంటే నిన్ను ఎంచుకుంటాను అని. "ఐ విల్ డ్రాప్ యూ" అంటే కింద పడేస్తాననో, జట్టులోంచి తీసేస్తాననో కూడా అనిపించొచ్చు.

ఒక ఫోన్ కాల్ మొత్తం రాస్తాను. మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు పక్కనే కూర్చుని వింటున్నాడు, స్పీకర్ ఆన్ చేసి ఉంది. అవతల ఒక పెద్దావిడ, సింగపూర్ నుంచి.

"వుయ్ ఆర్ కమింగ్ ఇన్ ఆన్ ద మార్నింగ్ ఫ్లైట్. కుడ్ సమ్‌వన్ పిక్ అస్ అప్ ఫ్రమ్ ది ఎయిర్‌పోర్ట్?"

"ష్యూర్, మేడమ్. ద డ్రైవర్ విల్ బి వెయిటింగ్ ఫర్ యూ."

"అండ్ కెన్ వుయ్ చెక్ ఇన్ ఎర్లీ?"

"లెట్ మి ఫైండ్ ఔట్ అండ్ గెట్ బ్యాక్ టు యూ."

ఫోన్ పెట్టేసినాక కుర్రాడు అడిగినాడు: "కమింగ్ ఇన్ ఆన్ ఏందక్కా? ఇన్, ఆన్ రెండూ పక్కపక్కన ఎట్లొచ్చినాయి?"

"ఫ్లైట్‌లో వచ్చి దిగుతున్నారు అని చెప్పు నైనా, ముక్కలు చేసి."

"ఫ్లైట్... లో... ఇక్కడికి... వస్తున్నారు."

"ఇప్పుడు తిప్పు."

"వస్తున్నారు, ఇక్కడికి, లో, ఫ్లైట్. కమింగ్, ఇన్, ఆన్, ఫ్లైట్!"

ఇన్ దిక్కుది, ఆన్ విమానానిది. చిన్నమాటలు రెండు పక్కపక్కన నిలబడితే మొదటిది క్రియ తాలూకు, రెండోది చోటు తాలూకు అని వాడికి ఆరోజు తలకెక్కింది. ఆ తర్వాత వాడే ఇంకోటి పట్టుకున్నాడు: "కాల్ యూ బ్యాక్ అంటావు, గెట్ బ్యాక్ టు యూ అంటావు. ఒకదాంట్లో యూ మధ్యలో, ఒకదాంట్లో చివర. ఏందక్కా ఇది?" మంచి ప్రశ్న. కాల్ మనిషిని నేరుగా పట్టుకుంటుంది, నిన్ను పిలుస్తా అని, కాబట్టి యూ దానికి అంటుకునే ఉంటుంది. ఈ గెట్ అట్లా పట్టుకోదు. నీ దగ్గరికి తిరిగి వస్తా అని అర్థం, కాబట్టి చోటుమాట కావాలి. "ఐ విల్ గెట్ యూ బ్యాక్" అని ఒక అతిథితో అంటే నీ మీద కసి తీర్చుకుంటా అన్నట్టు వినిపిస్తుంది. గదికి డబ్బు కట్టినాయనతో అనాల్సిన మాట కాదు.

మూడు ముక్కల జట్లు

రన్ ఔట్ ఆవ్, పుట్ అప్ విత్, లుక్ ఫార్వర్డ్ టు, కీప్ అప్ విత్, గెట్ అవే విత్, కట్ డౌన్ ఆన్. వీటిని తెలుగు నుంచి తిప్పి తెచ్చుకోలేం, కలిపే నేర్చుకోవాలి. మనకీ ఇట్లాంటివి ఉన్నాయి కదా: చూడు వేరు, చూసుకో వేరు. ఆ కో ఎందుకు చేరిందని పసిబిడ్డకి ఎవరూ పాఠం చెప్పరు. అయితే వీటిలోనూ చివరి ముక్క చోటుమాటే, దాని వెనక పేరు ఉండాలన్న పాత నియమం మారదు.

రన్ ఔట్ దగ్గర కాసేపు ఆగుతాను. డిసెంబరు చలిలో తెల్లవారుజామున అందరూ ఒక్కసారే స్నానానికి దిగితే వేడినీళ్లు అయిపోతాయి. మా కుర్రాళ్లు "వాటర్ ఓవర్ సార్" అంటారు. దానికి రెండు మంచి వాక్యాలున్నాయి. నీళ్ల వైపు నుంచి చెబితే "ద హాట్ వాటర్ హ్యాజ్ రన్ ఔట్". వాక్యం అక్కడితో ముగిసింది, వెనక ఏమీ లేదు, కాబట్టి ఆవ్ కూడా లేదు. మన వైపు నుంచి చెబితే "వుయ్ హ్యావ్ రన్ ఔట్ ఆవ్ హాట్ వాటర్". ఇప్పుడు వెనక వస్తువు వచ్చింది, దాన్ని పట్టుకోవడానికి ఆవ్ వచ్చింది. చోటు చెప్పకపోతే చోటుమాట రాలిపోతుంది, చెబితే తిరిగొస్తుంది. చెక్ ఔట్ కూడా అంతే: "వుయ్ ఆర్ చెకింగ్ ఔట్." "వుయ్ ఆర్ చెకింగ్ ఔట్ ఆవ్ రూమ్ ట్వెల్వ్." క్యూ అప్ అన్నా అంతే, దేనికోసమో చెబితే ఫర్: "క్యూ అప్ ఫర్ దర్శన్."

లుక్ ఫార్వర్డ్ టు వెనక మీట్, సీ అని ఉత్త క్రియ వేయడం మనకి అలవాటు, ఎందుకంటే టు చూడగానే "వాంట్ టు మీట్" గుర్తొస్తుంది. ఈ టు ఆ టు కాదు. ఇది అలిపిరికి అన్నప్పటి కి. పేరే కావాలి, క్రియ అయితే దానికి ఇంగ్ తగిలించి పేరు చేయాలి: "వుయ్ లుక్ ఫార్వర్డ్ టు మీటింగ్ యూ." అనుమానం వస్తే మీటింగ్ బదులు "ఇట్" పెట్టి చూడండి. "లుక్ ఫార్వర్డ్ టు ఇట్" చక్కగా కుదురుతుంది, "వాంట్ టు ఇట్" కుదరదు. ఇట్ కుదిరిన చోటల్లా ఇంగ్. అందుకే "ఐ యామ్ యూజ్డ్ టు వేకింగ్ అప్ ఎర్లీ" అన్నదాంట్లోనూ ఇంగ్ ఉంటుంది.

పుట్ అప్ విత్ ఎక్కువ వచ్చేది ఫిర్యాదుల్లో. "వుయ్ కాంట్ పుట్ అప్ విత్ ద నాయిస్." ఇట్ వేస్తే చివర, విత్ తర్వాత. మధ్యలో మనిషి లేదా వస్తువు దూరే మూడు ముక్కలవీ కొన్ని ఉన్నాయి: ఆలస్యం ఎందుకైందని అడిగితే "ఐ పుట్ ఇట్ డౌన్ టు ద రష్" అనొచ్చు, రద్దీ వల్లే అనుకుంటున్నా అని. చూస్తే ఇది పిక్ దెమ్ అప్ ఫ్రమ్ నడిచిన వరసే.

ప్రశ్న అడిగితే చోటుమాట చివర మిగిలిపోతుంది

గుడిలోకి ఫోన్లు తీసుకుపోనివ్వరు, ముందే కౌంటర్‌లో ఇచ్చేయాలి. "హ్యాండ్ ఇన్ యువర్ ఫోన్స్ ఎట్ ద కౌంటర్." దర్శనమయ్యాక తీసుకోవాలి. ఎక్కడ తీసుకోవాలి అని అడగడం ఎట్లా? తెలుగులో "ఎక్కడినుంచి" ఒకే ముక్కగా ముందుకొస్తుంది, అందుకని "ఫ్రమ్ విచ్ కౌంటర్ ఐ షుడ్ పికప్" అని మొదలవుతుంది. మాట్లాడే ఇంగ్లీషులో ఫ్రమ్ వెనకే ఉండిపోతుంది: "విచ్ కౌంటర్ షుడ్ ఐ పిక్ ఇట్ అప్ ఫ్రమ్?" వాక్యం ఫ్రమ్‌తో ఆగిపోతే అరకొరగా ఉందనిపిస్తుంది మనకి. అరకొర కాదు, అదే సరి. "హూ ఆర్ యూ వెయిటింగ్ ఫర్?" "వాట్ హ్యావ్ వుయ్ రన్ ఔట్ ఆవ్?" "విచ్ స్టాప్ డు ఐ గెట్ ఆఫ్ ఎట్?" చివరి దాంట్లో ఆఫ్ ఎట్ రెండూ మిగిలినాయి చూడండి, రెండూ కావాల్సినవే. ఎట్ రాల్చేస్తే స్టాప్ మీదనుంచి దిగమన్నట్టు అవుతుంది. ప్రీపొజిషన్‌తో వాక్యం ముగించకూడదని బడిలో కొందరు పంతుళ్లు చెప్పే మాటని నేను పట్టించుకోను. ఫోన్లో ఎవరూ అట్లా మాట్లాడరు.

సొంతంగా చేసుకోవడం

నోటుపుస్తకంలో ఫ్రేజల్ వెర్బుని ఒంటరిగా రాయకండి. మంచి డిక్షనరీలు ఎట్లా అచ్చువేస్తాయో చూడండి. సమ్‌థింగ్ బదులు ఎస్‌టీహెచ్ అనీ, సమ్‌బడీ బదులు ఎస్‌బీ అనీ పొట్టి గుర్తులుంటాయి. టర్న్ ఎస్‌టీహెచ్ ఆఫ్ అని మధ్యలో ఉంటే ఇట్ మధ్యలో దూరుతుంది. లుక్ ఆఫ్టర్ ఎస్‌బీ అని చివర ఉంటే చివరే. ఆ గుర్తు ఉన్న చోటు చూడగానే సగం సందేహం తీరిపోతుంది, అయినా దాన్ని చూసేవాళ్లు తక్కువ, అర్థం చదివి పేజీ తిప్పేస్తారు. మీ పుస్తకంలోనూ అట్లాగే రాయండి, దాని కింద మీ పనిలో వచ్చే వాక్యం ఒకటి. బట్టల షాపులో ఉంటే ట్రై ఎస్‌టీహెచ్ ఆన్, ఆసుపత్రిలో ఉంటే టేక్ ఎస్‌టీహెచ్ ఆఫ్, బ్యాంకులో ఉంటే ఫిల్ ఎస్‌టీహెచ్ ఇన్. మీ నోట్లో రోజూ పడని మాట ఎంత గొప్పదైనా రాయొద్దు, మర్చిపోతారు.

తర్వాత ఆ వాక్యాన్నే మూడు రకాలుగా పలకండి: పేరుతో, ఇట్‌తో, ప్రశ్నగా. "హ్యాండ్ ద కీ ఓవర్ టు ద మేనేజర్." "హ్యాండ్ ఇట్ ఓవర్ టు హిమ్." "హూ డు ఐ హ్యాండ్ ఇట్ ఓవర్ టు?" బస్సులో కూర్చుని మనసులో అనుకున్నా చాలు, పక్కవాళ్లకి వినబడక్కర్లేదు.

కింది నాలుగూ మా డెస్కు దగ్గర ఇచ్చేవే. జవాబు చూడకముందు తెలుగులో ముక్కలు చేసి, తిప్పి, మీరే పలికి చూడండి.

ఆటో దిగి రిసెప్షన్ దగ్గరికి రండి. "గెట్ ఔట్ ఆవ్ ది ఆటో అండ్ కమ్ ఓవర్ టు ద రిసెప్షన్."

ఆయన్ని లీలామహల్ సర్కిల్ దగ్గర దించేయ్. "డ్రాప్ హిమ్ ఆఫ్ ఎట్ లీలామహల్ సర్కిల్."

మా దగ్గర దుప్పట్లు అయిపోయినాయి, కనుక్కుని చెబుతా. "వుయ్ హ్యావ్ రన్ ఔట్ ఆవ్ బ్లాంకెట్స్. ఐ విల్ ఫైండ్ ఔట్ అండ్ గెట్ బ్యాక్ టు యూ."

బీగంచెవి మీకు ఇచ్చినామా, వెనక్కి ఇచ్చేసినారా? ఇది చాలామందిని తికమక పెడుతుంది, ఇవ్వడం రెండుసార్లు వస్తుంది కాబట్టి. "డిడ్ వుయ్ గివ్ యూ ద కీ? హ్యావ్ యూ గివెన్ ఇట్ బ్యాక్?" ఎవరికి అన్నది కూడా అడగాలంటే టు చివర: "హూ డిడ్ యూ గివ్ ఇట్ బ్యాక్ టు?"